గొలుసు రంపము: వెల, మన్నిక

పెట్రోలుతో నడచు గొలుసు రంపములు రెండు అంగడిలో ప్రక్కప్రక్కన ఉన్నవనుకొందము. ఇంజనుల పరిమాణము ఒక్కటే. గొలుసు పొడవును ఒక్కటే. కాని ఒకదాని వెల 12,000 రూపాయలు, రెండవదాని వెల 36,000. రంగు తప్ప పైకి భేదమేమియు కనబడదు. కట్టెల అడితి నడుపువాడు రెండవదానిని ఎందులకు కొనవలెను? సమాధానము ఇంజను లోపల ఉన్నది.

ఇందుండునది రెండు స్ట్రోకుల ఇంజను. కోయునపుడు దాని ఇరుసు నిమిషమునకు సుమారు 10,000 చుట్లు తిరుగును. పిస్టను ఒకవైపు జరుగు దూరము 3 సెంటీమీటరులైనచో, ఒక చుట్టులో అది 6 సెంటీమీటరులు, నిమిషములో 600 మీటరులు, గంటలో 36 కిలోమీటరులు సిలిండరు గోడను రాచుకొనుచు పోవును. విద్యార్థులు ఈ లెక్కను స్వయముగా వేసి చూచుకొనవచ్చును. ఇంత ప్రయాణమునకును వేరుగా నూనె తొట్టి లేదు. పెట్రోలులో కలిపిన కందెనయే, అనగా సాధారణముగా లీటరునకు 20 మిల్లీలీటరుల నూనెయే, ఆధారము.

బరువు తగ్గుటకై సిలిండరును అల్యూమినియముతో చేయుదురు. అది మెత్తని లోహము. గాలితో చొరబడు దుమ్ములో క్వార్ట్జు రేణువులుండును. మోస్ కాఠిన్య మానములో క్వార్ట్జు స్థానము 7. మైనమును గోరుతో గీచినట్లు అవి అల్యూమినియమును గీచివేయును. కావుననే గోడకు లోపల గట్టి పూత వేయుదురు. క్రోమియము పూత పాతది. 1967లో జర్మనీలోని మాలే సంస్థ, వాంకెల్ ఇంజనుల కొరకు, నికెలులో సిలికాన్ కార్బైడు రేణువులను పొదిగిన పూతను తెచ్చెను. సిలికాన్ కార్బైడు కాఠిన్యము 9కి పైమాటే. పూత అంతటను సమముగా పట్టవలెను, పొరలుగా ఊడరాదు. వెలలో కొంత భాగము ఈ పనికే పోవును.

బేరింగుల సంగతియు ఇట్టిదే. ఖరీదైన రంపములలో ఇరుసును మోయు బేరింగులు మెగ్నీషియము మిశ్రలోహపు పెట్టెలో బిగువుగా కూర్చుండును. చౌకవానిలో పెక్కింటికి ప్లాస్టిక్ చట్రమే ఆధారము. వేడికి, అదురుకు చట్రము కొంచెము వంగినను ఇరుసు వరుస తప్పును. సందులగుండ గాలి లోనికి పోయి పెట్రోలు పాలు తగ్గును. పెట్రోలు తగ్గినచో నూనెయు తగ్గినట్లే గదా! తుదకు పిస్టను వేడెక్కి బిగిసిపోవును.

లోపలి సంగతి కొనువానికి తెలియుటెట్లు? అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఇట్టి ఇంజనులు ఎన్ని గంటల పనివరకు పొగ పరిమితులకు లోబడియుండునో తయారీదారు చీటీపై తెలుపవలెను: 50, 125, లేక 300 గంటలు. ఇది ఇంజను ఆయుర్దాయము కాదు. అయినను 50 గంటలకు పూచీపడినవానికిని, 300 గంటలకు పూచీపడినవానికిని గల తేడా తెలియకపోదు.

ఇక లెక్కకొరకు కొన్ని అంకెలను ఊహించుకొందము. చౌక రంపము 150 గంటలు నడచి మూలపడినచో గంటకు 80 రూపాయలు పడినట్లు. రెండవది 9,000 రూపాయల మరమ్మతులతో 1,500 గంటలు నడచినచో గంటకు 30 రూపాయలే. విడిభాగములు దగ్గరలో దొరకనిచో ఈ లెక్క చెల్లదు.

ఏడాదికి పది గంటలు మాత్రమే కోయు తోటవాని సంగతి వేరు. 150 గంటలు గడచుటకు అతనికి పదునైదేండ్లు పట్టును. అతని రంపమును చెరచునది అరుగుదల కాదు, నిలువ పెట్రోలు. భారతదేశములో 2025 నాటికి పెట్రోలులో ఇథనాలు పాలు 20 శాతమునకు చేరినది. పెక్కు రంపముల తయారీదారులు 10 శాతము మించరాదందురు. ఇథనాలు తేమను పీల్చుకొనును. కార్బురేటరులోని పలుచని రబ్బరు పొరలను పాడుచేయును. అట్టివాడు చౌకదానినే కొని, పని ముగియగనే తొట్టిని ఖాళీచేసి, మిగిలిన పెట్రోలు అయిపోయి ఇంజను తనంతట ఆగువరకు నడిపి అటకపై పెట్టుట మేలు.