చెక్‌సైడా? బనానానా?

మొన్న శనివారం ఫుటీ ప్రాక్టీసు నుంచి వస్తుంటే కారులో మావాడు ఒక్క మాట మాట్లాడలేదు. తొమ్మిదేళ్ళవాడు, మామూలుగా అయితే నోరు మూయడు. ఇంటి ముందు దిగబోతూ అడిగాడు, "నాన్నా, చెక్‌సైడ్ అనేది తప్పు మాటా?"

అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్‌కి మెల్‌బోర్న్‌లో 1859లో నియమాలు రాసుకున్నారు. క్రికెట్ మైదానం లాంటి గుండ్రటి గ్రౌండ్, కోడిగుడ్డు ఆకారం బంతి, జట్టుకు పద్దెనిమిది మంది. రెండువైపులా నాలుగేసి స్తంభాలు. మధ్యలోని రెండు పొడుగు స్తంభాల నడుమ తన్నితే గోల్, ఆరు పాయింట్లు. పక్కనున్న పొట్టి స్తంభాల సందులోంచి పోతే బిహైండ్, ఒక్క పాయింటే. పొడుగు స్తంభానికి తగిలినా అంతే, ఒకటే.

బౌండరీ గీత దగ్గర నుంచి గోల్ కొట్టడం కష్టం. స్తంభాల మధ్య సందు కనిపించీ కనిపించనట్టు ఉంటుంది. అప్పుడొక కిక్ కొడతారు. కుడికాలితో తంతే మామూలుగా ఎడమకు తిరగాల్సిన బంతి కుడివైపుకు వంగుతూ పోయి లోపల పడుతుంది. చూడ్డానికి కనికట్టులా ఉంటుంది. ఈ కిక్‌ని అడిలైడ్‌లో చెక్‌సైడ్ అంటారు. మెల్‌బోర్న్‌లో బనానా అంటారు. మేము అడిలైడ్ నుంచి ఇక్కడికొచ్చి నాలుగు నెలలైంది. మావాడు ఆ మాట అనగానే తోటి పిల్లలు నవ్వారట. అదీ సంగతి.

మాటల దెబ్బలు నాకూ కొత్త కాదు. ఈ దేశంలో నా మొదటి ఉద్యోగం సిడ్నీలో. అక్కడ ఫుటీ అంటే రగ్బీ లీగ్. ఈ ఆటని ఎ.ఎఫ్.ఎల్. అనేవారు, నచ్చనివాళ్ళు "గాల్లో పింగ్‌పాంగ్" అని వెక్కిరించేవారు. అడిలైడ్ వచ్చాక మొదటి వారమే "రాత్రి ఎ.ఎఫ్.ఎల్. చూశారా?" అని అడిగాను. "సిడ్నీ నుంచా?" అన్నాడు పక్క సీటాయన. నా మొహం చూసి కాదు, ఆ ఒక్క మాటతోనే పట్టేశాడు. ఇక్కడివాళ్ళకి ఎ.ఎఫ్.ఎల్. అంటే పోటీ పేరు. ఆట పేరు మాత్రం ఫుటీయే. అంపైర్‌ని రెఫరీ అన్నా ఇలాగే దొరికిపోతాం.

ఈ తేడాకి ఒక గీత కూడా ఉంది. 1978లో ఇయన్ టర్నర్ అనే చరిత్రకారుడు దానికి బరాసీ లైన్ అని పేరు పెట్టాడు, రాన్ బరాసీ అనే పెద్ద ఆటగాడి పేరు మీద. గీతకి పడమర, దక్షిణాల్లో ఈ ఆట రాజ్యం, తూర్పున సిడ్నీ, బ్రిస్బేన్‌లలో రగ్బీది. 1982లో సౌత్ మెల్‌బోర్న్ జట్టు సిడ్నీకి తరలిపోయింది. జట్టు గీత దాటింది కానీ మాటలు అంత తేలిగ్గా దాటలేదు.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ ఆఫీసు లంచ్‌లో తగిలింది. అమెరికా సినిమాలు చూసి నేర్చుకున్న ఇంగ్లీషుతో మా మేనేజరమ్మని "మీరు ఏ టీమ్‌కి రూట్ చేస్తారు?" అని అడిగాను. బల్ల చుట్టూ నిశ్శబ్దం. తర్వాత నవ్వులు. ఆ మాటకి ఈ దేశంలో పడకగది అర్థముంది. ఇక్కడ జట్టుకి బ్యారక్ చేస్తారు. ఆ మధ్యాహ్నమంతా నా సీట్లోంచి లేవలేదు.

గీతకి ఇటువైపున్న ఊళ్ళ మధ్య కూడా ఏకాభిప్రాయం లేదు. ఆటగాడి చేతుల్లేని చొక్కాని మెల్‌బోర్న్‌లో జంపర్ అంటే, అడిలైడ్, పెర్త్‌లలో గర్న్‌సీ అనేవాళ్ళు ఎక్కువ. గర్న్‌సీ ఇంగ్లాండ్, ఫ్రాన్స్‌ల మధ్యనున్న ఒక దీవి. అక్కడి జాలర్ల ఉన్ని చొక్కా పేరు ఇంత దూరం వచ్చింది. "గర్న్‌సీ దొరికింది" అంటే ఎంపికయ్యాడని అర్థం, ఆటకి సంబంధం లేని చోట కూడా. అడిలైడ్‌లో రెండు స్థానిక జట్లు తలపడితే షోడౌన్. పెర్త్‌లో అయితే డెర్బీ, ఇంగ్లండ్ వాళ్ళలా డార్బీ అనకూడదు. ఎవడైనా ఎదుటివాడి భుజాలమీద మోకాలు పెట్టి ఎగిరి బంతి పట్టాడా, స్పెకీ అనేవాడు ఒకడు, హ్యాంగర్ అనేవాడు ఇంకొకడు, స్క్రీమర్ అనేవాడు మరొకడు. బంతి మాత్రం ఒకటే.

సరే, మావాడి ప్రశ్న. కారు ఆపి వాడికి నా కథ చెప్పాను. మాది కరీంనగర్ దగ్గర పల్లె. ఇంటర్‌కి విజయవాడ హాస్టల్లో పడేశారు. మొదటి ఆదివారం "చిర్రగోనె ఆడుదామా?" అన్నాను. గది మొత్తం పడీపడీ నవ్వింది. వాళ్ళు దాన్ని బిళ్ళంగోడు అంటారు. అదే పుల్ల, అదే కర్ర. ఆ రోజు తర్వాత ఆ రెండేళ్ళూ నేను చిర్రగోనె అనలేదు. సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు మా చిన్ననాటి దోస్తు దగ్గర పొరపాటున బిళ్ళంగోడు అన్నాను. వాడు నవ్వలేదు. "మస్తు మారినవ్ రా" అన్నాడంతే. హాస్టల్ నవ్వు ఎప్పుడో మర్చిపోయాను. ఈ మాట మాత్రం ఇరవై ఏళ్ళయినా పోలేదు.

"తప్పు మాట కాదురా" అన్నాను. "నీకు ఆ కిక్ నేర్పినవాళ్ళ మాట." ఇంతకన్నా ఏం చెప్పాలో నాకూ తెలియలేదు. ఇక్కడ ఆడాల్సింది వాడు, నేను కాదు.

నిన్న మ్యాచ్‌లో బౌండరీ దగ్గర బంతి దొరికింది వాడికి. తన్నాడు. వంగుతూ వంగుతూ పోయి స్తంభానికి తగిలింది, ఒక్క పాయింటు. పిల్లలు "భలే బనానా!" అని అరిచారు. వీడూ తలూపాడు. సాయంత్రం అడిలైడ్‌లోని పాత స్నేహితుడికి ఫోన్ చేసి చెప్పడం విన్నాను, "చెక్‌సైడ్ కొట్టాను, కొంచెంలో తప్పింది" అని.

తర్వాత నా దగ్గరికొచ్చి, "ఆ చిర్రగోనె ఎలా ఆడతారు?" అన్నాడు. పెరట్లో పాత చీపురు కర్ర కోసి, పుల్లకి రెండువైపులా మొన చెక్కుతున్నాను. వంటింటి కిటికీలోంచి గుంటూరు ఆడబిడ్డ, అంటే మా ఆవిడ, తల బయటపెట్టి అంది, "వాడికి సరిగ్గా నేర్పండి. అది బిళ్ళంగోడు."