బోర్డు మీద 'బందరు' ఉండదు

దివిసీమకు రైలు లేదు. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు వైపు వాళ్లు రైలెక్కాలంటే బస్సులో బందరు రావాలి. లేదా కృష్ణ దాటి రేపల్లె వెళ్లాలి. ఎండాకాలం సెలవుల్లో పిల్లల్ని తీసుకుని తిరుపతికో, విశాఖపట్నానికో పోయే ఆడవాళ్లు చాలామంది బందరులోనే బండి ఎక్కుతారు.

స్టేషన్లో మొదట ఒక తిరకాసు ఉంది. నోటితో అందరూ బందరు అంటారు. బోర్డు మీద మాత్రం 'మచిలీపట్నం' అని ఉంటుంది. బెజవాడా అంతే. 'విజయవాడ' అనే రాస్తారు. చదవడం వచ్చినా ఈ పేర్లు తెలియకపోతే వెతుక్కోవలసిందే.

గుడివాడలో ఇంకా జాగ్రత్త కావాలి. అది జంక్షన్. అంటే రైలు దారులు కలిసే చోటు. ఒక దారి బందరు పోతుంది. ఒకటి విజయవాడ పోతుంది. ఇంకొకటి భీమవరం పోతుంది. తిరుపతి వెళ్లాల్సిన మనిషి భీమవరం బండి ఎక్కితే డబ్బూ పోతుంది, రోజూ పోతుంది. పక్కవాళ్లని అడగడం మంచిదే. కానీ వాళ్లకూ తెలియకపోవచ్చు కదా! ముందు బోర్డు చదవాలి. తర్వాత అడగాలి.

టిక్కెట్టు చేతికి రాగానే కౌంటరు దగ్గరే చదువుకోవాలి. ఎక్కే ఊరు, దిగే ఊరు, ఎంతమంది, ఏ తేదీ అన్నవి చూడాలి. తేదీ దగ్గరే చాలామంది పొరబడతారు. రాత్రి 12 దాటితే తేదీ మారిపోతుంది. శనివారం రాత్రి 12.30కి అని మనం అనుకునే బండికి ఆదివారం తేదీ వేస్తారు.

5 ఏళ్లు నిండని పిల్లలకు విడిగా బెర్తు అడగకపోతే టిక్కెట్టు అక్కర్లేదు. 5 నిండి 12 లోపు వాళ్లకు బెర్తు కావాలంటే పూర్తి ఛార్జీ, వద్దంటే సగం. రిజర్వేషన్ 60 రోజుల ముందు నుంచి ఇస్తారు. 'వెయిటింగ్ లిస్టు' అని ఉంటే బెర్తు ఇంకా దొరకలేదని అర్థం.

1989 రైల్వే చట్టం ఆడవాళ్లకు కొన్ని రక్షణలు ఇచ్చింది. ఆడవాళ్ల పెట్టెలో మగవాళ్లు ఎక్కితే జరిమానా వేస్తారు. టిక్కెట్టు లేకపోతే ఆడవాళ్లయినా జరిమానా కట్టాల్సిందే. అయితే మగతోడు లేని ఆడమనిషిని రాత్రిపూట బండి దించకూడదు. పగలైనా ఆమె ఎక్కిన స్టేషన్లోనో, జంక్షన్లోనో, ఆఖరి స్టేషన్లోనో, జిల్లా కేంద్రంలోనో మాత్రమే దించాలి.

దారిలో ఎవరైనా ఇబ్బంది పెడితే 139కి ఫోను చేయవచ్చు. అప్పుడు బండి నంబరు, పెట్టె నంబరు చెప్పాల్సి వస్తుంది. పెట్టె నంబరు బయట, తలుపు దగ్గర రాసి ఉంటుంది. ఎక్కేటప్పుడే చదివి గుర్తుపెట్టుకోవాలి.