రిఫరెన్సు రాసే ముందు ఆ పేజీ తెరువు బిడ్డా

పేపరు వెనక్కి వచ్చిందని మొహం చిన్నబుచ్చుకున్నావట బిడ్డా. వద్దన్నారా? లేదు కదా. రిఫరెన్సులు మా పద్ధతిలో లేవు, సరిచేసి పంపమన్నారు. మేడిపల్లి పొలాల మట్టిని అన్నాళ్లు ఎండబెట్టి, జల్లించి, భాస్వరం కొలిచినదానివి, చివరి రెండు పేజీల దగ్గర విసుక్కుంటే ఎట్ల? పేపరులో నేను ముందు చదివేది ఆ రెండు పేజీలే. ఎందుకో చెబుతా, ఇట్ల కూర్చో.

మన దిక్కు రైతు వరి విత్తనం కొనేటప్పుడు సంచి మీద ఏం చూస్తాడు? జేజీఎల్ 1798 అని ఉంటే జగిత్యాల సన్నాలు, అంటే మన పొలాస పరిశోధన కేంద్రం విత్తనం. బీపీటీ 5204 బాపట్లది. ఎంటీయూ 1010 మారుటేరుది. ఆర్‌ఎన్‌ఆర్ 15048 రాజేంద్రనగర్‌ది. అక్షరాలు ఊరిని చెబుతాయి, అంకె ఆ ఊళ్లో ఏ రకమో చెబుతుంది. ఒక్క అంకె తప్పిందంటే పొలంలో మొలిచేది వేరే వరి. రిఫరెన్సుదీ అదే పని. ఎవరు రాశారు, ఏ ఏడు, ఏ పత్రిక, ఏ సంపుటి, ఏ పేజీ. నిన్నెన్నడూ చూడని మనిషి ఎక్కడో కూర్చుని నీ మాట నిజమా కాదా అని తానే తెరిచి చూసుకోగలగాలి.

ఇక కామా ఎక్కడ, చుక్క ఎక్కడ అన్నది ఏ పత్రిక అలవాటు దానిది. పెద్ద పద్ధతులు రెండు. వాక్యంలోనే బ్రాకెట్లో పేరు, ఏడు రాసి, చివర అక్షరక్రమంలో జాబితా ఇచ్చేది హార్వర్డ్ పద్ధతి. 1881లో ఎడ్వర్డ్ లారెన్స్ మార్క్ అనే హార్వర్డ్ జంతుశాస్త్రవేత్త గుల్ల లేని నత్త గుడ్ల మీద రాసిన వ్యాసంలో దీన్ని వాడాడు. రెండోది అంకెల పద్ధతి, వాక్యాల్లో వచ్చిన వరసలోనే ఒకటి, రెండు, మూడు అని. 1978లో వైద్య పత్రికల సంపాదకులు కొందరు కెనడాలోని వాంకోవర్‌లో కలిసి ఉమ్మడి నియమాలకు ఒప్పుకున్నారు, ఊరి పేరే పద్ధతికి నిలిచింది. నన్నడిగితే మట్టి శాస్త్రానికి మొదటిదే మేలు. ‘ఓల్సెన్, 1954’ అని కనబడగానే మీ సారుకు ఏ ద్రావణం వాడావో తెలిసిపోతుంది, చివరి పేజీకి పోయే పనే ఉండదు.

నీ జాబితా చూశాను. నత్రజనికి సుబ్బయ్య, అసీజా, 1956, కరెంట్ సైన్స్, సంపుటి 25, పేజీలు 259–260. రెండే పేజీల వ్యాసం, కానీ మన వ్యవసాయ కాలేజీల థీసిసుల్లో ఎక్కడ చూసినా అది కనబడుతుంది. నువ్వు సరిగ్గానే రాశావు.

చిక్కల్లా ఓల్సెన్ దగ్గర వచ్చింది. ఓల్సెన్, కోల్, వటనబే, డీన్ కలిసి 1954లో రాసింది పత్రికా వ్యాసం కాదు. అమెరికా వ్యవసాయ శాఖ వేసిన సర్క్యులర్, నంబరు 939. దానికి సంపుటి ఉండదు. వ్యాసాల మూసలో ఇరికిస్తే వెతికేవాడికి దొరకదు. సర్క్యులర్ నంబరు, వేసిన శాఖ పేరు, ఈ రెండూ తప్పకుండా ఉండాలి.

ఇంకో మాట. పీహెచ్ 8.5 దగ్గర సోడియం బైకార్బొనేట్‌తో మట్టిలోంచి భాస్వరాన్ని బయటికి లాగడం ఓల్సెన్ వాళ్ల పని. ఆ తర్వాత నువ్వు ఆస్కార్బిక్ ఆమ్లం వేసి నీలి రంగు తెప్పించావు చూడు, అది మర్ఫీ, రైలీలది: 1962, అనలిటికా కిమికా ఆక్టా, సంపుటి 27, పేజీ 31 నుంచి 36. రెండు పనులు, రెండు రిఫరెన్సులు. ఒకరి కష్టాన్ని ఇంకొకరి ఖాతాలో వేయొద్దు.

నీలి రంగు అంటే మన యల్లాప్రగడ సుబ్బారావు గుర్తుకొస్తాడు. భీమవరంలో పుట్టినవాడు. సైరస్ ఫిస్క్‌తో కలిసి భాస్వరాన్ని మాలిబ్డేట్‌తో నీలంగా మార్చి కొలిచే పద్ధతిని 1925లో జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ, సంపుటి 66, పేజీలు 375–400లో అచ్చేయించాడు. ప్రపంచం నలుమూలలా జీవరసాయన శాస్త్రవేత్తలు వేల వ్యాసాల్లో ఆ పేజీలను చూపించారు. ఆ రిఫరెన్సులో ఆయన ‘సుబ్బారో, వై.’ ఆ ‘వై’లోనే ఇంటిపేరు మొత్తం దాగింది. సి.ఆర్. రావు సంగతీ అంతే. కలకత్తా మేథమేటికల్ సొసైటీ బులెటిన్‌లో 1945లో వచ్చిన వ్యాసం, సంపుటి 37, పేజీ 81. ఇంటిపేరు కల్యంపూడి, లోకమంతా వెతికేది మాత్రం ‘రావు’ కింద.

మనం ఇంటిపేరు ముందు రాస్తాం, వాళ్లు చివరి మాటనే ఇంటిపేరు అనుకుంటారు. అందుకే జాబితాల్లో రావులు, రెడ్డిలు కుప్పలుగా పడి ఎవరు ఎవరో తెలియదు. నువ్వు నీ పేరు ఎట్ల రాయాలో ఇప్పుడే తేల్చుకో, ఇక జన్మలో మార్చకు. 2012 నుంచి ఆర్కిడ్ అని పదహారు అంకెల గుర్తింపు ఇస్తున్నారు, డబ్బులు అడగరు, తీసుకో. ఇతరుల పేర్లను మాత్రం అచ్చులో ఎట్ల ఉంటే అట్లనే రాయి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. ఓల్సెన్ రిఫరెన్సు నువ్వు సీనియర్ థీసిస్‌లోంచి ఎక్కించావు కదూ? కాలిఫోర్నియాలో సిమ్కిన్, రాయ్‌చౌధురి అని ఇద్దరు 2003లో ఒక పేరున్న భౌతికశాస్త్ర వ్యాసాన్ని తీసుకున్నారు. దాన్ని సుమారు 4,300 సార్లు ఉదహరించారు, అందులో 196 చోట్ల అంకెలు తప్పు. ఎవరికి వారు అసలు వ్యాసం తెరిచి రాస్తే ఎవరి తప్పు వారిది కావాలి. కానీ వేర్వేరు తప్పులు 45 మాత్రమే. ఒకే తప్పు పేజీ నంబరు 78 చోట్ల! ఒకరి జాబితా చూసి ఒకరు ఎక్కించుకుంటే తప్ప ఇట్ల జరగదు. ఉదహరించినవాళ్లలో అయిదో వంతు మందే అసలు వ్యాసం చదివి ఉంటారని వాళ్ల అంచనా.

ఇంకా విచిత్రం విను. రిఫరెన్సు ఎట్ల రాయాలో చూపించడానికి ఒక ప్రచురణ సంస్థ తన సూచనల్లో వాన్ డెర్ గీర్ అనే పేరుతో ఒక ఉత్తుత్తి వ్యాసాన్ని నమూనాగా పెట్టింది. ఆ లేని వ్యాసాన్ని దాదాపు 400 పేపర్లు ఉదహరించాయని 2017లో బయటపడింది. ఇప్పుడైతే కంప్యూటర్‌ను అడిగితే చాలు, అది కల్పించి ఇస్తుంది. కామాలన్నీ చక్కగా ఉంటాయి, వ్యాసమే ఉండదు.

జొటెరో లాంటి సాఫ్ట్‌వేర్ వాడు, చేతి కష్టం తగ్గుతుంది. డీఓఐ ఉంటే, అదే 10తో మొదలయ్యే గుర్తింపు, దాన్ని నొక్కి ఆ వ్యాసమే తెరుచుకుంటుందో లేదో చూడు. పాత సర్క్యులర్లకు, థీసిసులకు చాలావరకు అది ఉండదు, వాటిని నువ్వే వెతకాలి. రేపు పొలాస పోయినప్పుడు లైబ్రరీలో 939 నంబరు సర్క్యులర్ స్కాన్ కాపీ కావాలని అడుగు. నువ్వు ఎంత మట్టికి ఎంత ద్రావణం పోశావో, ఎంతసేపు కదిపావో వాళ్లు రాసిన దానితో సరిపోల్చు. సరిపోతే ఆ రిఫరెన్సు అట్లనే ఉంచు. తేడా ఉంటే ‘కొద్ది మార్పుతో’ అని రాసి, ఆ మార్పేమిటో కూడా చెప్పు.