ప్రమాదానంతరము లారీ బీమా

జనగామ నుండి సూర్యాపేటకు పోవు బాటలో, దేవరుప్పుల మీదుగా, వరికోతల దినములలో ధాన్యపు లారీలును, శీతకాలమున పత్తి నింపిన డి.సి.ఎం. బండ్లును నడచుచుండును. వీనిలో పెద్ద కంపెనీల అండలేని బండ్లును కలవు. ఒకే లారీ, దానిపై ఫైనాన్సు కిస్తులు, అవసరమైనప్పుడు యజమానియే డ్రైవరు. అట్టి లారీ ఒక రాత్రి కల్వర్టు గోడకు తగిలెనా, బండి షెడ్డులో నిలిచిపోవును గాని కిస్తు నిలువదు. అప్పుడు బీమా కాగితము ఎంతవరకు ఆదుకొనును, ఎచ్చట చేయి విడుచును అను విషయమును శ్రోతలకు వివరింపదలచితిమి.

పాలసీ ఒక్క కాగితమే యైనను దానిలో రెండు వాగ్దానము లుండవచ్చును. ఒకటి మన బండివలన నష్టపడిన పరుల కొరకు. రెండవది మన బండి కొరకు. మొదటిది 1988 నాటి మోటారు వాహనముల చట్టము, 146వ సెక్షను ప్రకారము తప్పనిసరి. రెండవది యజమాని ఇచ్ఛ. ప్రీమియము తగ్గునని మొదటిదానితోనే సరిపెట్టుకొన్నవానికి తన లారీ తుక్కైనను కంపెనీ నుండి పైసా రాదు. ఈ భేదమును ప్రమాదము జరిగిన పిదప గాక, పాలసీ తీసుకొను నాడే చూచుకొనుట మేలు.

ప్రమాదస్థలమున మొదటి పని గాయపడినవారిని వైద్యునికడకు చేర్చుట. తరువాత పోలీసులకు తెలుపవలెను. అదే చట్టములోని 134వ సెక్షను బీమా కంపెనీకి సైతము పాలసీ నంబరు, ప్రమాదము జరిగిన తేదీ, వేళ, చోటు, గాయపడినవారి వివరములు, డ్రైవరు పేరు, లైసెన్సు వివరములు వ్రాతమూలకముగా తెలుపవలెనని చెప్పుచున్నది. ఫోనులో చెప్పితిమి గదా యని ఊరకుండరాదు.

ఇచ్చట ఒక మాట నొక్కి చెప్పవలసియున్నది. సర్వేయరు చూడకముందు మేస్త్రీచేత బండిని విప్పింపరాదు. విప్పిన తరువాత ఏ దెబ్బ ప్రమాదముది, ఏది పాత అరుగుదల యని తేల్చుట కష్టము. సందేహము కలిగిన ప్రతి చోట కోత పడును. విప్పినప్పుడు లోపల క్రొత్త నష్టము బయటపడినచో సర్వేయరును మరల పిలువవలెను. మార్చిన సామానులను పునఃపరిశీలన ముగియువరకు పాతయినుము వానికి అమ్మరాదు.

బిల్లు మొత్తము చేతికి రాదు. సాధారణముగా రబ్బరు, ప్లాస్టిక్ భాగములకును, టైర్లు, బ్యాటరీలకును సగము తరుగు తీయుదురు. ఫైబరు గ్లాసుకు 30 శాతము. గాజునకు తరుగు లేదు. సరకుల బండ్లకు మరియొక చిక్కు కలదు. దీపములు, మడ్‌గార్డులు, బంపర్లు, రంగు మొదలగువానిని పాలసీలో మినహాయించుట పరిపాటి. అదనపు ప్రీమియము చెల్లించి ఐ.ఎం.టి. 23 అను షరతు చేర్పించుకొన్నవారికే, బండి పూర్తిగా నష్టమైననే తప్ప, వాని ఖర్చు వచ్చును. లారీ గుద్దుకొన్నప్పుడు మొదట పగులునవి అవియే గదా! మరమ్మతు ఖర్చు బండికి నిర్ణయించిన విలువలో 75 శాతము దాటినచో పూర్ణనష్టముగా లెక్కింతురు. ఆ సొమ్ములో ముందుగా ఫైనాన్సు బాకీ తీరవలెను.

డ్రైవరు లైసెన్సు విషయమున చిన్న బండ్ల వారికి 2024 నవంబరు 6న ఊరట లభించినది. మొత్తము బరువు 7,500 కిలోలకు లోబడిన సరకుల బండిని తేలికపాటి వాహనపు లైసెన్సుతోనే నడుపవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము తీర్పు చెప్పినది. అధికభారము వేసిన బండి సంగతి వేరు. పాలసీ షరతు మీరిన క్లెయిమును పూర్తిగా త్రోసిపుచ్చక, ‘నాన్ స్టాండర్డు’ పద్ధతిని పరిష్కరింపవచ్చునని 2010లో అమలేందు సాహూ కేసున తేలినది. ఆ పద్ధతిలో అధికభారమునకు అంగీకృత మొత్తమున 75 శాతమునకు మించి ఈయరు. కావున కాంటా చీటీని జాగ్రత్తపరచుకొనుడు.

అన్నిటికంటె భయంకరమైనది బస్తాలమీద మనుష్యులను ఎక్కించుకొనుట. కోతలకు పోవు కూలీలు చేయి చాచిన ఆపుట మన పల్లెలలో దయగా భావింపబడుచున్నది. కొందరు పదో పరకో కిరాయి తీసికొందురు. 1994 సవరణవలన సరకుల బండిలో ప్రయాణించు సరకు యజమానికి, లేక అతని అధీకృత ప్రతినిధికి బీమా రక్షణ కలిగినది. ఉచితముగా ఎక్కిన ఇతరులకు ఆ రక్షణ లేదని 2002లో ఆశారాణి కేసున సుప్రీంకోర్టు స్పష్టపరచినది. బండి బోల్తాపడి పలువురు మరణించినచో పరిహారభారము యజమానిపై పడును. ముందు కంపెనీ చెల్లించి, పిదప యజమాని నుండి రాబట్టుకొనవలసినదని ఆదేశించిన కేసులును కలవు; అప్పుడైనను అతని ఇల్లు, భూమి క్షేమముగా నుండవు. ఆ కూలీల కుటుంబముల గతియో? ఒకే లారీ గల యజమానికడ వారికి దక్కున దెంత? డ్రైవరుకు, క్లీనరుకు, మనము జీతమిచ్చు హమాలీలకు రక్షణ యెంతవరకు గలదో పాలసీలో చూచుకొని, తక్కువైనచో అదనపు ప్రీమియముతో చేర్పించుకొనవచ్చును.

క్లెయిమును నిరాకరించినను, తగ్గించినను మొదట కంపెనీకే వ్రాతపూర్వకముగా ఫిర్యాదు చేయవలెను. నెలలోపల జవాబు రాకున్నను, వచ్చిన జవాబు తృప్తికరము కాకున్నను, హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఏడాదిలోపల ఆశ్రయింపవచ్చును. సొంత పేర వ్యాపారము చేయువారి పాలసీలును, సూక్ష్మసంస్థల పాలసీలును ఆయన పరిధిలోనివే. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. అయితే ప్రమాదమున గాయపడిన పరులు కోరు పరిహారము అచ్చట విచారింపబడదు. దానికి మోటారు ప్రమాదముల ట్రిబ్యునలు వేరుగా నున్నది. అచ్చటినుండి నోటీసు వచ్చిన దినముననే దాని నకలును బీమా కంపెనీకి పంపి, అందినట్లు రసీదు తీసికొనవలెను.