ఊరు లేని జట్లు

2016 జులై 31 రాత్రి హైదరాబాద్ గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో రెండు ఫైనళ్లు జరిగాయి. ఒకటి అందరికీ గుర్తే: ప్రొ కబడ్డీ నాలుగో సీజన్‌లో పట్నా పైరేట్స్ 37-29తో జైపూర్‌ను ఓడించి కప్పు ఎత్తుకుపోయింది. రెండోది ఆడవాళ్లది. స్టార్మ్ క్వీన్స్ 24, ఫైర్ బర్డ్స్ 23. ఉత్కంఠ కావాలన్నవాళ్లకు ఆ రాత్రి అసలు ఆట అదే. మన దేశంలో మహిళల తొలి ప్రొఫెషనల్ కబడ్డీ పోటీ ఆ ఒక్క పాయింటుతో ముగిసింది. ముగిసిందంటే ఆ ఏటికి కాదు, మరి జరగనే లేదు.

పేరు మహిళల కబడ్డీ ఛాలెంజ్. జట్లు మూడే. ఫైర్ బర్డ్స్‌కు మమతా పూజారి, ఐస్ దివాస్‌కు అభిలాషా మాత్రే, స్టార్మ్ క్వీన్స్‌కు తేజస్వినీ బాయి నాయకులు. ముగ్గురూ అర్జున అవార్డు గ్రహీతలే. మమత పుట్టింది కర్ణాటకలో, ఉద్యోగం మన దక్షిణ మధ్య రైల్వేలో. 2012లో పట్నాలో జరిగిన తొలి మహిళల ప్రపంచకప్పు గెలిచిన జట్టుకు ఆమే కెప్టెన్. ఈ పోటీకి ముందే 2010, 2014 ఆసియా క్రీడల్లోనూ బంగారం మనదే. అంటే ఆటగత్తెలకు కొదవ లేదు. మరి లోపం ఎక్కడ?

నన్నడిగితే, జట్ల పేర్లలోనే. పక్షులు, రాణులు, దివాలు... ఒక్క జట్టుకూ ఊరు లేదు.

గిలకలదిండిలోనో నాగాయలంకలోనో పండక్కి చెడుగుడు బరి గీస్తే జనం చూసేది ఆట ఒక్కటే కాదు. కూతకు వెళ్లినవాడు పలానా ఊరి వాడు, వాణ్ని పట్టింది పక్కూరి వాడు. గెలిచిన ఊరి వాళ్లు ఆ రాత్రి నిద్రపోరు, ఓడిన ఊరి వాళ్లు రిఫరీని తిడుతూ ఇంటికెళతారు. మగవాళ్ల ప్రొ కబడ్డీ 2014లో పట్టుకున్న కిటుకు ఇదే. రాహుల్ చౌదరిది ఉత్తరప్రదేశ్. అయినా తెలుగు టైటాన్స్ చొక్కా వేసుకున్నాడు కాబట్టి బందరు కుర్రాళ్లు అతన్ని మనవాడే అన్నారు. ఐస్ దివాస్ గెలిస్తే సంబరపడాల్సింది ఎవరు? మగవాళ్ల మ్యాచ్‌ల పక్కన, వాళ్ల బస్సు ఎటు వెళితే అటు తిరిగిన మూడు జట్లను భోజనంలో ఊరగాయలా వడ్డించారు.

ఊరు ఉంటే చాలా అంటే, చాలదు. అందుకు అమెరికా సాక్ష్యం ఉంది. అక్కడ ఆడవాళ్ల తొలి ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగును బిల్ బర్న్ అనే వ్యాపారి ఎనిమిది జట్లతో మొదలుపెట్టాడు. 1978 డిసెంబర్ 9న మిల్వాకీలో తొలి మ్యాచ్‌కు 7,824 మంది వచ్చారు. ఆ జట్లలో ఐయోవా కార్నెట్స్ కథ మన డెల్టా వాళ్లకు బాగా అర్థమవుతుంది. ఐయోవా మొక్కజొన్న పండించే వ్యవసాయ రాష్ట్రం. అక్కడ హైస్కూలు ఆడపిల్లల బాస్కెట్‌బాల్ అంటే ఊళ్లకు ఊళ్లు కదిలొచ్చేవి. జట్టుకు ఆరుగురు, అందులో బుట్టలో బంతి వేసే హక్కు ముగ్గురికే. ఆ ఆటలో పెరిగిన మాలీ బోలిన్ లీగులో సంతకం చేసిన తొలి క్రీడాకారిణి. ఆమె షూటింగ్ చూసి ‘మెషిన్ గన్ మాలీ’ అన్నారు. కార్నెట్స్ వరుసగా రెండేళ్లు ఫైనల్‌కు వెళ్లింది, రెండుసార్లూ ఓడింది. ఆ తర్వాత జట్టే మూతపడింది. అభిమానం నిండుగా ఉంది, ఖజానాలో డబ్బే లేదు.

మిగతా చోట్ల ఇంకా ఘోరం. కాలిఫోర్నియా జట్టు అమ్మాయిలను నడకా, అలంకరణా నేర్పే బడికి పంపారు. జీతాలు మాత్రం అందలేదు. 1981 మార్చిలో మిన్నెసోటా ఫిల్లీస్ అమ్మాయిలు షికాగోలో ఆడకుండా కోర్టు వదిలి వెళ్లిపోయారు. ఆ ఏడుతో లీగుకు నూకలు చెల్లాయి. తర్వాత 1996లో ఏబీఎల్, 1997లో డబ్ల్యూఎన్‌బీఏ వచ్చేదాకా అక్కడి అమ్మాయిలు ఆడి బతకాలంటే చాలామంది దేశం దాటాల్సి వచ్చింది. ఆ మొదటి లీగు వాళ్లను మహిళల బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవించింది 2018లో.

మన దగ్గర ఊరూ డబ్బూ ఒక్కచోట కలిసింది క్రికెట్‌లో. 2023లో మహిళల ప్రీమియర్ లీగుకు ఐదు జట్లను ₹4,669.99 కోట్లకు కొన్నారు. ఐదుకూ ఊరో రాష్ట్రమో పేరులో ఉంది. అదే ఏడాది విజయవాడ అమ్మాయి సబ్బినేని మేఘన అందులో బ్యాట్ పట్టింది.

కబడ్డీ అమ్మాయిలు ఆ ఏడాదే హాంగ్‌ఝౌలో చైనీస్ తైపీపై 26-25తో గెలిచారు. ఆ ఆసియా క్రీడల్లో భారత్‌కు నూరో పతకం వాళ్లు తెచ్చిందే. సరిగ్గా ఒక్క పాయింటు తేడా, మళ్లీ. దేశమంతా ఆ రోజు చప్పట్లు కొట్టింది. ప్రొ కబడ్డీ పక్కన ఆడవాళ్ల లీగు మాత్రం ఆ ఏడాదీ మళ్లీ రాలేదు.

ప్రొ కబడ్డీ నిర్వాహకులకూ, తెలుగు టైటాన్స్ యాజమాన్యానికీ ఒక విన్నపం. ఆడవాళ్ల లీగు మళ్లీ పెడితే జట్టు పేరులో తెలుగు ఉంచండి, కనీసం మూడేళ్ల జీతాలు ముందే బ్యాంకులో వేయండి. ఒక్క మ్యాచ్ బందరులో పెట్టి చూడండి. టికెట్లు కొనే పూచీ మాది.