మావాడి లాప్‌టాప్

మావాడికి కానూరులో ఇంజనీరింగు సీటు వచ్చిందన్న సంబరం తీరకముందే, "నాన్నా, లాప్‌టాప్!" అన్నాడు. నాతో చదువుకే అన్నాడు గాని, ఆటల సంగతి వాళ్లమ్మ చెవిన ముందే వేశాడు. నేను దాచిన డబ్బులోనే అమ్మాయి ఇంటరు ఫీజు కూడా ఉంది మరి!

ఇద్దరం బందరు రోడ్డు దుకాణాలన్నీ తిరిగాం. ఆటలకు ప్రాణం గ్రాఫిక్స్ చిప్పట. అయితే పేరొకటే అయినా బలం ఒకటి కాదు. ఆర్‌టీఎక్స్ 4050నే చూడండి. కంపెనీ దానికిచ్చే కరెంటు 35 వాట్ల నుంచి 115 దాకా ఉంటుంది. పల్చటి పెట్టెలో పెడితే వేడికి నీరసిస్తుంది. గట్టిదేమో బరువు, పైగా ఛార్జరు మోయాలి, బాటరీ మీద ఆట అంత జోరుగా సాగదు.

తీరా 16 జీబీ ర్యామ్ ఉన్నది బేరం చేద్దును గదా, మావాడు నా చెయ్యి పట్టుకున్నాడు.

"8 జీబీది చాలు నాన్నా. ఇంకొకటి వేసుకోవడానికి ఖాళీ చోటుంది. వచ్చే ఏడు చూసుకోవచ్చు. ముందు చెల్లి ఫీజు కట్టేద్దాం."

ఆటల మాటేమో గాని, వాడికి లెక్కలు మాత్రం బాగానే వచ్చు!