మీకు తెలుసా? ఐదు వందల మైళ్ల పందెం సంగతులు

అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో ఏటా మే నెలాఖరున 33 కార్లు రెండున్నర మైళ్ల ట్రాక్‌ను 200 సార్లు చుట్టి వస్తాయి. అదే ఇండియానాపొలిస్ 500. అక్కడ ఇవాళ వేడుకగా కనిపించేవాటిలో చాలావరకు ఏదో ఒక ఆపదలోనో, అవసరంలోనో పుట్టినవే.

• 1909 ఆగస్టులో ఆ ట్రాక్ మీద తొలి కార్ల పందేలు జరిగినప్పుడు కంకర, తారు కలిపి వేసిన దారి చక్రాల కింద పెళ్లలు పెళ్లలుగా లేచిపోయింది. డ్రైవర్, మెకానిక్కులు, ప్రేక్షకులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. యజమాని కార్ల్ ఫిషర్, ఆయన భాగస్వాములు ఆ ఏడాదే దారి మొత్తం 32 లక్షల ఇటుకలతో పరిపించారు. ఇప్పుడంతా తారే. ముగింపు గీత దగ్గర మాత్రం మూడడుగుల వెడల్పున ఇటుకలు అలాగే ఉంచారు. గెలిచినవాళ్లు మోకాళ్ల మీద వంగి వాటిని ముద్దాడతారు.

• తొలి 500 మైళ్ల పందెం 1911 మే 30న జరిగింది. ఆ రోజుల్లో డ్రైవర్ పక్కన ఒక మెకానిక్ కూర్చుని వెనుక ఎవరొస్తున్నారో చెబుతుండేవాడు. రే హారూన్ కారులో ఒక్కడికే చోటు. వెనుక చూసేదెవరని తోటివాళ్లు అభ్యంతరం చెబితే, కళ్లెదుట ఒక అద్దం బిగించుకుని వచ్చాడు. ఇటుకల మీద కుదుపులకు అద్దం అదిరిపోయి, అందులో పెద్దగా ఏమీ కనిపించలేదని తర్వాత ఆయనే చెప్పాడు. అయినా గెలిచాడు. పట్టిన సమయం 6 గంటల 42 నిమిషాలు. 2021లో హీలియో కాస్ట్రోనెవెస్‌కు అదే దూరానికి 2 గంటల 37 నిమిషాలు చాలాయి.

• రెండో ఏడాది పందెం, నా దృష్టిలో, అన్నిటికన్నా గొప్పది. రాల్ఫ్ డిపాల్మా 196 ల్యాపులు వరుసగా ముందున్నాడు. విజయం చేతికందే వేళ ఇంజిన్ దెబ్బతిని కారు ఆగిపోయింది. ఆయన, మెకానిక్ రూపర్ట్ జెఫ్‌కిన్స్ కిందకు దిగి, జనం కేకలేస్తుండగా, ఆ బరువైన మెర్సిడెస్‌ను ముగింపు గీత దాకా తోసుకుంటూ వచ్చారు. గెలుపు జో డాసన్‌ది. ఆయన ముందున్నది చివరి రెండు ల్యాపులే! అదే రోజు పదో స్థానం బహుమతి దక్కాలంటే మొత్తం దూరం పూర్తిచేయాల్సిందే అన్నారని రాల్ఫ్ మల్‌ఫర్డ్ పట్టు వదలకుండా 8 గంటల 53 నిమిషాలు నడిపాడు. డిపాల్మా 1915లో గెలిచాడని చదివినప్పుడు మనసుకు ఎంత ఊరటో.

• గెలిచినవాళ్లు పాలు తాగే ఆనవాయితీకి మూలం మజ్జిగ. 1933లో గెలిచిన లూయిస్ మేయర్ దప్పికకు మజ్జిగ అడిగాడు. ఎండవేళ అది మంచిదని చిన్నప్పుడు తల్లి అలవాటు చేసిందట. 1936లో మళ్లీ గెలిచి సీసా ఎత్తి తాగుతున్న ఫొటో పత్రికల్లో పడింది. దాన్ని చూసిన పాల వ్యాపారులు సీసాను సంప్రదాయంగా మార్చారు. 1993లో ఎమర్సన్ ఫిట్టిపాల్డి ముందుగా నారింజ రసం తాగితే అభిమానులు మండిపడ్డారు.

• 1950 నుంచి 1960 దాకా ఈ పందెం పాయింట్లు ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లోనూ లెక్కకొచ్చేవి.

• 1964లో పెట్రోలు మంటల్లో ఎడ్డీ సాక్స్, డేవ్ మెక్‌డొనాల్డ్ చనిపోయాక కార్లు మెథనాల్‌కు మారాయి. దానికీ ఒక ప్రమాదముంది: పట్టపగలు దాని మంట కంటికి ఆనదు. 1981లో ఇంధనం నింపుతుండగా రిక్ మియర్స్ ఒంటికి నిప్పంటుకుంది. ఆయన చేతులు విదిలిస్తున్నాడు, చుట్టూ ఉన్నవాళ్లకు మంట కనిపించదు. చివరికి ఆయన తండ్రే మంటలార్పే సిలిండర్ అందుకుని చల్లాడు. కాలిన ముఖానికి శస్త్రచికిత్స చేయించుకుని, మియర్స్ ఆ తర్వాత మరో మూడుసార్లు ఇక్కడ గెలిచాడు.

• 1971 దాకా ఆడవాళ్లను పిట్స్‌లోకి, అంటే పందెం మధ్యలో కార్లు ఆగే చోటికి, రానిచ్చేవారు కాదు. ఆరేళ్లకే, 1977లో, జానెట్ గత్రీ అక్కడ కారు నడిపిన తొలి మహిళ అయింది. భౌతికశాస్త్రం చదివిన ఇంజనీరు ఆమె. ఆ ఏడాది కారు మొరాయించింది. మరుసటి ఏడాది విరిగిన మణికట్టుతోనే స్టీరింగ్ పట్టి, తొమ్మిదో స్థానంలో నిలిచింది.